కుడి దీపం

సెప్టెంబర్ 1, సోమవారం

ఎరువుల దుకాణం వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ డైరీ ఇన్నాళ్ళూ కుంటి బల్ల కాలు కింద ఉంది. ఈరోజు తీశాను. బల్ల మళ్ళీ కుంటుతోంది, కుంటనీ. పశువుల దవాఖానలో కాంపౌండరుగా ఉన్నన్నాళ్ళూ డైరీ రాశాను. ఫలానా ఊరు, ఫలానా ఎద్దు, ఫలానా సూది. రిటైరయ్యాక రాయడానికి ఎద్దులు లేవు. ఇప్పుడు ఒక పని దొరికింది.

మా అమ్మాయి శ్రీవాణికి లింగాల దవాఖానలో డ్యూటీ మారింది. పదిహేనో తారీకు నుంచి మధ్యాహ్నం వెళ్ళి మునిమాపు వేళకు బయలుదేరాలి. ఆ వేళకు మా బల్మూరుకు బస్సు లేదు. స్కూటీ మీద వస్తానంటుంది. వానాకాలం, అడవి పందులు రోడ్డు దాటే దారి, వద్దన్నాను. కారు తీసుకుపొమ్మన్నాను. పోయిన కార్తీకంలో నా భార్య రేణుక పోయింది. ఆ తర్వాత కారును రేకుల కింద నుంచి కదిలించింది లేదు.

"నడపడం వస్తది నాయినా. దాని లైట్లు చూసినవా? లాంతరు పట్టుకొని పోయినట్టుంటది," అంది.

పోయి చూశాను. రెండు దీపాల అద్దాలూ పసుపుపచ్చగా మసకబారి ఉన్నాయి. అచ్చం బర్రె కంట్లో పువ్వు పడ్డట్టుంది. శ్రీవాణి కొత్తవి వేయిద్దామంది. బర్రె కంట్లో పువ్వు పడితే కన్ను మారుస్తామా, మందు వేస్తాం గానీ? ఇంట్లోనే చేస్తాను. ఒక్క పొద్దు పని.

సెప్టెంబర్ 2

ఫోనులో ఎవరో పళ్ళ పేస్టుతో రుద్ది చూపించాడు. పాత బనియను ముక్క, సగం ట్యూబు ఖర్చయ్యాయి. కడిగితే తళతళ. శ్రీవాణిని పిలిచి చూపించాను.

"మరి రేపు పండ్లు దేంతోని తోముకుందాం?" అంది. వేపపుల్ల ఉంది కదా అన్నాను. దానిది అచ్చంగా తల్లి నోరు.

సెప్టెంబర్ 4

వాన పడింది. పువ్వు మళ్ళీ పడింది.

సెప్టెంబర్ 6, శనివారం

కారు తీసుకొని వెంకటన్న షెడ్డుకు వెళ్ళాను. బండ్ల సొట్టలు తీసి రంగులు వేస్తాడు. పేస్టు సంగతి చెబితే నవ్వడం మొదలుపెట్టి మర్యాద గుర్తొచ్చి ఆపాడు. కారు ముందు కూర్చొని కుడి దీపం మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు.

"ఎండకు పోయింది ఒక్కటే గాదు సార్ ఇది. ఎవరో గిన్నె తోమినట్టు తోమిండ్రు."

మా ఇంట్లో కార్లు తోమే వాళ్ళెవరూ లేరన్నాను. కోపం వచ్చింది. బండిని చూపిస్తే ఇంటి గుట్టు చెబుతాడేమిటి ఈ మనిషి?

నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితాలు ఇచ్చాడు. వాటర్ పేపర్ అంటారు. ముందు గరుకుది, తర్వాత సన్నది, ఆ తర్వాత వేలికి ఆనీ ఆననంత సన్నది. అడ్డంగానే రుద్దాలి. గుండ్రంగా తిప్పకూడదు, తిప్పితే గీతలు ఉండిపోతాయి. అంతా అయ్యాక మెరుగు పెట్టే మందు గుడ్డ మీద వేసి, అప్పుడు మాత్రం గుండ్రంగా తిప్పాలి. చివరికి రంగులేని వార్నిషు కొట్టాలి, లేకపోతే ఎండకు మళ్ళీ పచ్చబడుతుంది. ఇదంతా చెప్పి, తాను సాయంత్రంలోగా చేసిస్తానన్నాడు. నా బండి, నా చేయి అన్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఎడమ దీపం చేశాను. తప్పు చేస్తే డ్రైవరు వైపుది మిగులుతుందని ముందు ఎడమది పట్టుకున్నాను.

చుట్టూ రంగు మీద టేపు అంటించి, నీళ్ళు పోసుకుంటూ అడ్డంగా రుద్దాను. మొదట అద్దం తెల్లబడిపోయింది. పాడు చేశాననుకున్నాను. నీళ్ళు మాత్రం జున్నుపాల రంగులో కారుతున్నాయి, అంటే పచ్చదనం దిగుతోందన్నమాట. రెండో కాగితం, మూడో కాగితం. మెరుగు మందుతో గుడ్డ తిప్పుతుంటే లోపలి బల్బు మెల్లగా పైకి వచ్చినట్టు కనబడింది. వార్నిషు కొట్టి లేచి నిలబడ్డాను. దూడ ప్రాణంతో బయటపడ్డప్పుడు రైతు ముఖం ఎట్లా ఉండేదో నా ముఖం అట్లా ఉంటుందని తెలుసు. గోడ అవతల నుంచి పక్కింటి చిన్నమ్మ తొంగి చూసి, కొత్తది వేయించినవా అని అడిగింది. ఆ ఒక్క మాటకు నాకు వారం రోజుల భోజనం అక్కర్లేదు.

తర్వాత కుడి దీపం దగ్గర కూర్చున్నాను. కడిగాను. ఎండ పక్కవాటుగా పడుతోంది. నీళ్ళు ఆరుతుంటే అద్దం మీద సన్నటి గుండ్రాలు బయటపడ్డాయి. ఒకదాని మీద ఒకటి, ఆడమనిషి అరచేయంత గుండ్రాలు.

వెంకటన్న చెప్పింది నిజమే. ఇది రేణుక చేయి.

ఏటా దసరా ముందురోజు ఇత్తడి సామానంతా తోమేది. చెంబులు, కుందులు, పెద్ద గంగాళం. చింతపండు, బూడిద, బీరకాయ పీచు. అంతా అయ్యాక మిగిలిన బూడిదతో పీట ఎత్తుకొని కారు ముందుకు వచ్చేది. మరునాడు బండికి పూజ కదా. శుభమని కుడి దీపంతో మొదలుపెట్టేది. ఎడమ దాని దగ్గరకు వచ్చేసరికి బూడిదా అయిపోయేది, ఓపికా అయిపోయేది, కొంగుతో తుడిచి లేచేది. అది ఇత్తడి కాదు, గీతలు పడతాయి అని ఎన్నిసార్లు చెప్పినా ఒకటే మాట.

"మెరవాలె గద మరి. మోరీ కాడ బండి మలుగుతుంటే నీదే అని నాకెట్ల తెల్వాలె?"

మా గుమ్మంలో నిలబడితే, రోడ్డు కింద కాలువ పోయే మోరీ దగ్గరి మలుపు కనబడుతుంది. నేను ఊళ్ళు తిరిగి వచ్చే వేళకు అక్కడ నిలబడేది. రెండు దీపాలు మలుపు తిరగగానే "మన బండే" అని లోపలికి వెళ్ళి పొయ్యి మీద పెనం పెట్టేది. నేను కాళ్ళు కడుక్కునేసరికి మొదటి రొట్టె దిగేది.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మెరవాలని తోమి తోమి మసక చేసింది పిచ్చిది.

ఈరోజుకు ఆపేశాను. రాత్రికి చంద్రగ్రహణం ఉందట, ఆ పూట పని పెట్టుకోకూడదంటారు. నేను ఎప్పుడూ పట్టించుకోలేదు గానీ, పెద్దవాళ్ళు ఊరికే అనరు.

సెప్టెంబర్ 8

వాన.

సెప్టెంబర్ 9

వాన లేదు. నడుము నొప్పి.

సెప్టెంబర్ 10

వాటర్ పేపర్ అయిపోయింది.

సెప్టెంబర్ 11

వాటర్ పేపర్ అయిపోయిందని నిన్న రాశాను. అయిపోలేదు. బీరువా మీద ఉంది. నా డైరీలో నాకే అబద్ధం రాసుకోవడం బాగాలేదు. కానీ ఈరోజు గాలి ఎక్కువగా ఉంది, దుమ్ము వచ్చి వార్నిషుకు అంటుతుంది. ఇది నిజం.

సెప్టెంబర్ 12, శుక్రవారం

పొద్దున లేచి పళ్ళు తోముకోకముందే కారు దగ్గర నిలబడి ఉన్నాను. ఏం పని మీద వెళ్ళానో గుర్తు లేదు. ఎండ పక్కవాటుగా వచ్చే వేళ అది.

గద్వాలలో కొన్నాం దీన్ని, పాతదే. శ్రీవాణి ఏడో తరగతి. ఆ కారు అమ్మిన సేటు వెనక సీటు మీద చేత్తో కొట్టి చూపించాడు, దుమ్ము లేచింది, రేణుక ముక్కు మూసుకుంది. ముందు కూర్చోమంటే కూర్చోలేదు. "ముందర కూసుంటే రోడ్డంత నా మీదికొస్తది," అని వెనక సీటు మధ్యలో, రెండు చేతులతో రెండు సీట్లు పట్టుకొని కూర్చుంది. బీచుపల్లి వంతెన మీద కళ్ళు మూసుకొని కృష్ణమ్మకు దండం పెట్టింది. చిల్లర వేయడానికి బండి ఆపమంది, వెనక లారీవాడు హారను కొట్టి కొట్టి తిట్టిపోయాడు.

వాళ్ళ పుట్టిల్లు వీపనగండ్ల. ఊరు ఇంకా ఫర్లాంగు ఉందనగా ఆపమంది. దిగి, చీర సర్దుకొని, ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది. భయం ఎటు పోయిందని అడిగాను. అన్నావదినలు చూడాలి కదా అంది. అద్దం పూర్తిగా దించి, మోచేయి బయట పెట్టి, ఊరంతా దాటేవరకు రాణిలా కూర్చుంది. తిరుగు ప్రయాణంలో ఊరు దాటగానే మళ్ళీ వెనక్కి. ఎన్నేళ్ళు తిరిగామో అన్నేళ్ళూ ఇదే తంతు. ఒకసారి సలేశ్వరం జాతర దారిలో, ఎవరూ చూసేవాళ్ళు లేని చోట, ముందుకు వచ్చి కూర్చుంది. ఎందుకొచ్చావని అడిగితే ఊరికే అంది. అడవి మొదలైన దగ్గరి నుంచి లింగాల వచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నా జీవితంలో అంత సుఖమైన ప్రయాణం ఇంకొకటి లేదు.

ఆమె ఫొటోలు ఉన్నాయి. చీరలు ఉన్నాయి. చేయి మాత్రం ఎక్కడా లేదు, ఈ అద్దం మీద తప్ప.

సెప్టెంబర్ 14, ఆదివారం

కుడిది ఎప్పుడు చేస్తావని శ్రీవాణి అడిగింది. ఎడమ దీపం ఒక్కటే రెండింటి వెలుగు ఇస్తోందని చెప్పాను. నమ్మినట్టు తల ఊపింది. నేనూ నమ్మాను.

సెప్టెంబర్ 15

మొదటి రోజు. చీకటి పడుతుంటే గుమ్మంలో నిలబడ్డాను. మోరీ మలుపులో ఒకటే వెలుగు కనబడింది. ఎవరిదో మోటార్ సైకిల్ అనుకొని లోపలికి వచ్చాను. కాసేపటికి గేటు ముందు హారను. శ్రీవాణే. మసక కుడి దీపం ఆ దూరానికి కనబడనే లేదు.

వచ్చే ఆదివారం తప్పకుండా చేయాలి.

సెప్టెంబర్ 17

అలసిపోయి వచ్చే పిల్ల మళ్ళీ పొయ్యి ముందు నిలబడుతోందని జొన్నరొట్టె నేనే చేయబోయాను. పీట మీద నుంచి పెనం మీదికి పోయేలోపు మూడు ముక్కలైంది. మూడూ నేనే తిన్నాను. శ్రీవాణి వచ్చాక చేసుకుంది. ఎద్దుకు సూది వేయడం దీనికంటే సులువు.

సెప్టెంబర్ 18, గురువారం

పడుకున్నా నిద్ర రాలేదు. లేచి రాస్తున్నాను.

శ్రీవాణి రావాల్సిన వేళకు రాలేదు. సన్నటి వాన. ఫోను ఎత్తలేదు. చిన్నమ్మ వచ్చి పక్కన నిలబడింది. చాలాసేపటికి మోరీ దగ్గర ఒక వెలుగు, నడిచే మనిషంత నిదానంగా. కారే. డ్రైవరు వైపు పక్క అద్దం తెగి వైరుతో వేలాడుతోంది. ముందు డోరు పొడవునా ఒక్కటే గీర. టైర్లకు వేరుశనగ చేను మట్టి. శ్రీవాణికి ఏమీ కాలేదు. ఏమీ కాలేదు.

ఎదురుగా మొక్కజొన్న లోడుతో ట్రాక్టరు వచ్చిందట. నడిపే పిల్లవాడు మన కారు ఎడమ దీపం ఒక్కటే చూసి, రోడ్డు అంచున మోటార్ సైకిల్ వస్తోందనుకున్నాడు. నడి రోడ్డు మీద నుంచి జరగలేదు. ట్రాలీ కుడి పక్కన రాసుకుంటూ పోతుంటే శ్రీవాణి స్టీరింగు తిప్పి చేలోకి దించింది. ఆ పిల్లవాడు ట్రాక్టరు ఆపి పరుగెత్తుకొచ్చి, ఏడుపు ముఖంతో అన్నాడట:

"మోటర్ సైకిల్ అనుకున్న అక్కా. ఒక్కటే లైటు కనబడ్డది."

అది చెప్పి శ్రీవాణి స్నానానికి వెళ్ళింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నాకు భయం వేసింది. రేణుక పోయిన రోజు కూడా ఇంత భయం వేయలేదు. ఆ రోజు భయపడటానికి ఏమీ మిగల్లేదు.

సెప్టెంబర్ 19

పొద్దున లేచేసరికి శ్రీవాణి కుడి దీపం ముందు గొంతుక్కూర్చొని ఉంది. చేతిలో బీరువా మీది వాటర్ పేపర్ల కట్ట. ఎండ ఇంకా పక్కవాటుగానే ఉంది, గుండ్రాలన్నీ కనబడుతున్నాయి. నేను ఏదో చెప్పబోయాను, గ్రహణమో గాలో, ఏదో ఒకటి.

"నాకు తెల్వదనుకున్నవా? అమ్మ తోముతుంటే చెంబుతోని నీళ్ళు పోసింది నేనే."

నేను నేల మీదే కూర్చున్నాను. ఇది పోతే ఇక ఆమెది ఏమీ ఉండదని చెప్పాను. కూతురు ముందు ఏడవడం ఇదే మొదటిసారి. అంత్యక్రియల రోజు కూడా వచ్చినవాళ్ళకు టీలు అందాయా లేదా అని చూస్తూ తిరిగాను.

శ్రీవాణి నా పక్కకు జరిగింది. తర్వాత నెమ్మదిగా అంది.

"అమ్మ గీతలు పెట్టాలెనని తోమలే నాయినా. వచ్చేటోళ్ళు దూరంకెల్లి కనబడాలెనని తోమింది. అప్పుడు వచ్చేటోనివి నువ్వు. ఇప్పుడు వస్తున్నది నేను."

కాగితాల కట్ట నా ఒళ్ళో పెట్టి, లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. ఈరోజూ రేపూ చిన్నమ్మ అల్లుడి ఆటోలో వెళ్ళి వస్తానంది. సరే అన్నాను.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. శ్రీవాణి పొద్దున్నే చిన్నమ్మతో గునుగుపూలు కోసుకురావడానికి చెరువు కట్టకు వెళ్ళింది. కావాలనే నన్ను ఒంటరిగా వదిలి వెళ్ళిందని తెలుసు.

పీట వేసుకున్నాను. రేణుక పీటే. టేపు అంటించాను. నీళ్ళు పోశాను. తడిస్తే గుండ్రాలు కనబడవు, ఆరితేనే కనబడతాయి. ఒకసారి ఆరేదాకా ఆగాను. చూశాను. అరచేయి పెట్టి చూశాను, నాది పెద్దది, చుట్టూ మిగిలింది. మళ్ళీ తడిపాను.

గరుకు కాగితం పెట్టి అడ్డంగా రుద్దాను. మొదటి చేయి బరువుగా పడింది. జున్నుపాల నీళ్ళు బంపరు మీదుగా నేల మీదికి, అక్కడి నుంచి ఆమె పెట్టిన కరివేపాకు పాదులోకి కారాయి. దారి నేను చూపించలేదు, నేల వాలు అటే ఉంది. రెండో కాగితం. మూడో కాగితం. గీతలు పోయాయి. ఒకటి కూడా లేదు, వెతికాను.

తర్వాత మెరుగు మందు. పాత గుడ్డ మీద వేసుకొని దీపం మీద పెట్టాను. వెంకటన్న చెప్పినట్టు ఇప్పుడు గుండ్రంగా తిప్పాలి. తిప్పాను. కింది నుంచి పైకి, పై నుంచి పక్కకు. నాలుగైదు చుట్లు తిరిగాక భుజం దానంతట అదే ఒక పద్ధతిలో పడింది. ఆ పద్ధతి నాకు తెలుసు. పీట మీద ఇట్లాగే ముందుకు వంగి, ఇట్లాగే చేయి తిప్పుతూ, మధ్యమధ్య ముంజేతితో నుదురు తుడుచుకుంటూ ఆమె కూర్చునేది. అన్నేళ్ళు పక్కన నిలబడి వద్దని చెబుతూ చూసిన పని ఇది. ఎప్పుడు నేర్చుకున్నానో మరి. గుడ్డ తిరుగుతూనే ఉంది, అవసరమైన దానికంటే చాలాసేపు తిరిగింది.

పూలు తెచ్చిన శ్రీవాణి దుప్పటి అడ్డం పట్టుకుంది, దుమ్ము పడకుండా వార్నిషు కొట్టాను. "ఎడమ దానికంటె ఇదే మంచిగొచ్చింది నాయినా," అంది. నాకూ అట్లాగే అనిపించింది. ఎడమది ఒకటి మళ్ళీ చేయాలేమో.

సెప్టెంబర్ 22

వెంకటన్న పక్క అద్దం బిగించి, డోరు గీర రుద్ది, రంగు వేసి ఇచ్చాడు. కుడి దీపం మీద బొటనవేలు జరిపి చూశాడు. "ఎవరు చేసిండ్రు సార్?" అని అడిగాడు. ఇంట్లోవాళ్ళం అన్నాను.

అక్టోబర్ 1

రేపే దసరా. గాంధీ జయంతి కూడా అదే రోజు వచ్చి మాంసం దుకాణాలు మూస్తారు కాబట్టి ఊరంతా ఈరోజే మటను కోసం బారులు తీరింది. నేను వెళ్ళలేదు, చిన్నమ్మ అల్లుడు మాకూ తెచ్చాడు.

ఇత్తడి సామాను దించాను. చింతపండు, బూడిద. బీరకాయ పీచు పోయినేటిది రోలు వెనక దొరికింది, ఎండి గట్టిపడింది, నానబెడితే మెత్తబడింది. చెంబులు, కుందులు తోమాను. గంగాళం తోమేసరికి ప్రాణం పోయినంత పనైంది. ఇదంతా అయ్యాక ఆమె కారు దాకా ఎట్లా వెళ్ళేదో అర్థం కాలేదు. బూడిద కొంచెం మిగిలింది. మిగిలింది మిగిలినట్టే పడేశాను.

అక్టోబర్ 2, దసరా

బండికి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. దీపాలకు పసుపు కుంకుమ శ్రీవాణి పెట్టింది, కుడి దానికి ముందు. జమ్మి నుంచి వచ్చాక అందరం కారు ఎక్కి అంబగిరి దాకా పోయివచ్చాం. వెనక సీటు మధ్యలో చిన్నమ్మ కూర్చుంది. రెండు చేతులతో రెండు సీట్లు పట్టుకుంది. ఆడవాళ్ళందరూ ఇంతేనేమో.

అక్టోబర్ 3, శుక్రవారం

నిన్నటి నుంచి రొట్టె నేర్చుకుంటున్నాను. నీళ్ళు మసలించి పిండిలో పోయాలట, చల్లనీళ్ళు కాదట. చిన్నమ్మ చెప్పింది. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

శ్రీవాణి డ్యూటీకి వెళ్ళింది. పిండి పిసికి ముద్దలు చేసి, తడిగుడ్డ కప్పి ఉంచాను. పొయ్యి వెలిగించలేదు. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. చిన్నమ్మ వాకిలి ఊడుస్తూ, ఎవరి కోసమని అడిగింది. నవ్వాను. ఒక ఆటో పోయింది, ఒక మోటార్ సైకిల్ పోయింది. చీకటి పడింది.

మోరీ మలుపులో రెండు దీపాలు.

మన బండే. పోయి పెనం పెట్టాను.